ఇల్లు వేరైనంత మాత్రాన లెక్క వేరు కాదు: విడాకులకు ముందు రాసుకోవాల్సిన కాగితం

భర్త జర్నల్ స్క్వేర్‌లో, భార్య ఎడిసన్‌లో అక్క ఇంట్లో. కేసు ఇంకా ఎవరూ వేయలేదు. "కొన్నాళ్లు విడివిడిగా ఉండి చూద్దాం, డబ్బుల సంగతి తర్వాత మాట్లాడుకుందాం" అని నోటిమాటగా అనుకున్నారు. జెర్సీ సిటీలో కాంట్రాక్టు ఉద్యోగాల మీద బతికే మన కుటుంబాల్లో ఈ 'కొన్నాళ్లు' ఒక్కోసారి చాలా దూరం సాగుతుంది. విడాకులనే మాటంటే భయం ఒక కారణం. ఊళ్లో పెద్దవాళ్లకు ఏం చెప్పాలన్నది ఇంకో కారణం. వీటికి తోడు వీసా.

2025లో ఆ వీసా ముడి ఇంకా బిగిసింది. సెప్టెంబరు 21 నుంచి వేసే కొత్త హెచ్-1బి పిటిషన్లకు లక్ష డాలర్ల ఫీజు పెట్టారు. అమెరికాలోనే ఉండి స్టేటస్ మార్చుకునేవాళ్లకు ఇది వర్తించదని అక్టోబరు 20న యూఎస్‌సీఐఎస్ వివరణ ఇచ్చింది. అంటే దెబ్బ ముఖ్యంగా దేశం బయట ఉన్నవాళ్ల మీద పడుతుంది. అక్టోబరు 30 నుంచి వేసే ఈఏడీ రెన్యువల్స్‌కి, హెచ్-4 వాళ్లవి కూడా కలిపి, పాత కార్డు గడువు దానంతట అదే పెరిగే పద్ధతి తీసేశారు. అంతకుముందు 540 రోజుల దాకా పెరిగేది. ఇప్పుడు కొత్త కార్డు ఆలస్యమైతే ఉద్యోగం ఆపేయాల్సిందే.

ఈ రెండూ గొడవ పడుతున్న ఇంట్లోకి వచ్చి ఎలా కూర్చుంటాయో చూడండి. కోపంతో హైదరాబాద్ విమానం ఎక్కిన భార్యకు తర్వాత సొంతంగా హెచ్-1బి మీద తిరిగి రావడం చాలా కష్టం. ఇక్కడే ఉండిపోయిన భార్యకు కార్డు ఆలస్యమైతే చేతిలో జీతం ఉండదు. అందుకే చాలామంది విడాకులు వాయిదా వేస్తారు. వాయిదా వేయడం తప్పేం కాదు, ఒక్కోసారి అదే తెలివైన పని. ఏ కాగితమూ లేకుండా వాయిదా వేయడం దగ్గరే నష్టం మొదలవుతుంది.

న్యూజెర్సీలో 'లీగల్ సెపరేషన్' లేదు

మనవాళ్లలో చాలామంది లీగల్ సెపరేషన్ తీసుకుంటామంటారు. కొన్ని రాష్ట్రాల్లో ఆ పేరుతో కోర్టు ఆదేశం దొరుకుతుంది. న్యూజెర్సీలో అలాంటి ప్రత్యేక హోదా లేదు. విడిగా ఉండటానికి కోర్టు అనుమతీ అక్కర్లేదు. ఈ రోజు పెట్టె సర్దుకుని వెళ్లిపోవచ్చు. కానీ చట్టం దృష్టిలో మీరిద్దరూ ఇంకా పూర్తిగా భార్యాభర్తలే.

న్యూజెర్సీలో ఉన్నవి రెండు. ఒకటి, ఇద్దరూ లాయర్ల ద్వారా రాసుకుని సంతకాలు పెట్టుకునే సెపరేషన్ అగ్రిమెంట్. విడాకుల సమయంలో దీన్నే ప్రాపర్టీ సెటిల్‌మెంట్ అగ్రిమెంట్ అనో, మ్యారిటల్ సెటిల్‌మెంట్ అగ్రిమెంట్ అనో కోర్టుకు ఇస్తారు. రెండోది, 'డైవోర్స్ ఫ్రమ్ బెడ్ అండ్ బోర్డ్' అనే పాతకాలపు కోర్టు ఆదేశం. అందులో ఆస్తులు పంచుతారు గానీ పెళ్లి రద్దు కాదు, మళ్లీ పెళ్లి చేసుకోవడానికి వీల్లేదు. ఇన్సూరెన్స్ మిగులుతుందని ఎవరో చెప్పారని దానికి పరుగెత్తొద్దు. ఇన్సూరెన్స్ ప్లాన్ దాన్ని ఒప్పుకుంటుందా, ఇమ్మిగ్రేషన్‌లో దాన్ని ఎలా చూస్తారు అన్నవి ముందు లాయర్‌తో తేల్చుకోవాలి.

విడాకుల కేసు వేయాలంటే ఇద్దరిలో ఒకరైనా అంతకుముందు ఏడాదిగా న్యూజెర్సీ నివాసి అయి ఉండాలి. అక్రమ సంబంధం కారణంగా వేసే కేసుకు మాత్రం ఈ ఏడాది నియమం లేదు. వీసా మీద ఉన్నంత మాత్రాన కేసు వేసే అర్హత పోదు. 2007 నుంచి 'సర్దుకోలేని విభేదాలు' అనే కారణం చట్టంలో ఉంది. ఆరు నెలలుగా కాపురం చెడింది, బాగుపడే ఆశ లేదు అని చెబితే చాలు, దానికి ఇల్లు వేరుపడాల్సిన పని కూడా లేదు. వేర్వేరు ఇళ్లలో 18 నెలలు ఉండటం మరో కారణం. ప్రాజెక్టుల వెంట తిరిగే కాంట్రాక్టు ఉద్యోగులకు ఆ ఏడాది నివాసం ముఖ్యం. ఒకరు డల్లాస్ ప్రాజెక్టుకి, ఇంకొకరు ఇండియాకి వెళ్లిపోతే ఇక్కడ కేసు వేసే అర్హతే చేజారొచ్చు.

గీత పడేది ఏ రోజు?

న్యూజెర్సీ కోర్టు పెళ్లినాటి నుంచి సంపాదించిన ఆస్తిని 'న్యాయంగా' పంచుతుంది. న్యాయంగా అంటే సరిగ్గా సగం అని కాదు. ఎన్నాళ్ల కాపురం, ఎవరి ఆదాయమెంత, ఇల్లూ పిల్లల్నీ ఎవరు చూసుకున్నారు, చదువూ ఉద్యోగమూ ఎవరు వదులుకున్నారు అన్నవన్నీ లెక్కలోకి వస్తాయి. మరి ఈ ఉమ్మడి కుండలో డబ్బు పడటం ఎప్పుడు ఆగుతుంది?

మనవాళ్లు ఇల్లు వదిలిన రోజుతో ఆగుతుందనుకుంటారు. కాదు. మామూలుగా విడాకుల ఫిర్యాదు కోర్టులో దాఖలైన రోజు ఆ గీత పడుతుంది. 1974లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు పెయింటర్ కేసులో ఇదే చెప్పింది. అదే కోర్టు 1977లో స్మిత్ కేసులో ఇంకో మాట చేర్చింది: భార్యాభర్తలు రాతపూర్వకంగా సెపరేషన్ ఒప్పందం చేసుకుని ఉంటే, గీత ఆ ఒప్పందం తేదీ దగ్గర పడొచ్చు.

ఉదాహరణకు ఒక జంట 2024 జనవరిలో విడిపోయారనుకోండి. కాగితం లేదు. 2026 జనవరిలో ఒకరు కేసు వేశారు. ఈ రెండేళ్లలో భర్త 401కెలో జమైనది, భార్య ఈఏడీ మీద పనిచేసి దాచుకున్నది, ఇద్దరి బోనస్‌లు అన్నీ ఉమ్మడి లెక్కలోకే వస్తాయి. ఈ రెండేళ్లలో ఎవరో ఒకరు చేసిన అప్పు మీద కూడా వాదన వస్తుంది. 2024 జనవరిలోనే తేదీ వేసి సంతకాలు పెట్టుకుని ఉంటే ఈ రెండేళ్ల గొడవ చాలావరకు ఉండేది కాదు. ఇది భర్తకో భార్యకో అనుకూలమైన మాట కాదు. ఎవరు పొదుపు చేస్తే వాళ్లకు కాగితం కావాలి, ఎవరి పేరు మీద అప్పు పెరుగుతోందో వాళ్లకూ కావాలి.

విడిపోయే ముందు జాయింట్ అకౌంట్ ఖాళీ చేసి ఊళ్లో అమ్మానాన్నలకు పంపేద్దామనే ఆలోచన కొందరికి వస్తుంది. బ్యాంకు అడ్డుచెప్పదు, జాయింట్ అకౌంట్ నుంచి ఎవరైనా తీసుకోవచ్చు. కోర్టు మాత్రం అడుగుతుంది. 1992లో న్యూజెర్సీ అప్పీల్ కోర్టు కొఠారి కేసులో ఇలాంటి ఖర్చుల్ని తూచే ప్రశ్నలు వరసగా చెప్పింది: ఆ ఖర్చు విడిపోవడానికి ఎంత దగ్గర్లో జరిగింది, ముందునుంచీ అలా ఖర్చు చేసే అలవాటుందా, కాపురానికి పనికొచ్చిందా లేక ఒకరికే లాభమా, అంత అవసరం ఏముంది. నెలనెలా తల్లిదండ్రులకు పంపే డబ్బు వేరు, గొడవైన వారం 30 వేల డాలర్లు పంపడం వేరు. రెండోది పంపినవారి వాటాలోంచి కోసే అవకాశం ఉంది.

కాగితంలో ఏం రాయాలి

ముందుగా ఒక మాట. ఒప్పందం నిలబడాలంటే ఇద్దరూ ఉన్నదంతా చెప్పాలి. ఇక్కడి ఖాతాలు, ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలు, ఊళ్లో ఫిక్సెడ్ డిపాజిట్లు, మణికొండ ఫ్లాటు, గుంటూరు ప్లాటు, చిట్టీలు, అప్పులు. దాచిపెట్టి చేసిన ఒప్పందాన్నీ, మరీ అన్యాయంగా ఉన్నదాన్నీ కోర్టు పక్కన పెట్టగలదు. ఇద్దరికీ ఒకే లాయర్ వద్దు. ఒక లాయర్ ఇద్దరి పక్షానా నిలబడలేరు. ఖర్చు తగ్గాలంటే ఒక మీడియేటర్ దగ్గర కూర్చుని మాట్లాడుకుని, సంతకానికి ముందు ఎవరి లాయర్‌కి వాళ్లు చూపించుకోండి.

ఇంటి అద్దె సంగతి మొదట రాయండి. లీజు మీద ఇద్దరి పేర్లుంటే, ఒకరు వెళ్లిపోయినా ఓనరు సాధారణంగా ఇద్దర్నీ అడగొచ్చు. డిపాజిట్ తిరిగొస్తే ఎవరిదో కూడా రాయండి. క్రెడిట్ కార్డులదీ అంతే. "ఈ కార్డు అప్పు భర్తే కట్టాలి" అని మీరు రాసుకున్నా బ్యాంకు ఆ ఒప్పందంలో లేదు. జాయింట్ కార్డయితే కట్టనప్పుడు ఇద్దరి క్రెడిట్ స్కోరూ పడుతుంది. అందుకని జాయింట్ కార్డులు మూసేయడం, బకాయి విడివిడి కార్డులకు మార్చుకోవడం మంచిది. మూడు క్రెడిట్ సంస్థల నుంచి మీ రిపోర్టు ఉచితంగా తెప్పించుకుని మీ పేరు మీద మీకు తెలియని ఖాతాలున్నాయేమో చూసుకోండి.

401కెలో వాటా ఉందని ఒప్పందంలో రాస్తే సరిపోదు. దాన్ని విడగొట్టాలంటే క్వాడ్రో అనే ప్రత్యేక కోర్టు ఉత్తర్వు కావాలి, దాన్ని ప్లాన్ నడిపేవాళ్లు ఆమోదించాలి. ఆ ఉత్తర్వు ద్వారా ప్లాన్ నుంచి నేరుగా భార్యకో భర్తకో వచ్చే డబ్బు మీద వయసు తక్కువని వేసే 10 శాతం పెనాల్టీ ఉండదు, ఆదాయపు పన్ను మాత్రం ఉంటుంది. విడాకులయ్యాక ఈ ఉత్తర్వు సంగతి మర్చిపోవడం, ఈలోగా అవతలివాళ్లు ఉద్యోగం మారి డబ్బు తీసేసుకోవడం జరగొచ్చు. ఎవరు తయారు చేయించాలి, ఎప్పటిలోగా, ఆ ఫీజు ఎవరిది అన్నది ఒప్పందంలోనే రాయండి.

బంగారం గురించి గొడవలెక్కువ. న్యూజెర్సీ చట్టం ప్రకారం వేరేవాళ్లు ఒకరికి బహుమతిగా ఇచ్చినది, వారసత్వంగా వచ్చినది పంపకంలోకి రాదు. భార్యాభర్తలు ఒకరికొకరు ఇచ్చుకున్నది మాత్రం వస్తుంది. అంటే పుట్టింటివాళ్లు పెట్టిన నగలు ఆమెవే. పెళ్లయ్యాక భర్త కొనిచ్చిన గాజులు లెక్కలోకి రావొచ్చు. నగల ఫొటోలు తీసి, ఏవి ఎక్కడ ఉన్నాయో, ఏ లాకరు ఎవరి పేరు మీద ఉందో జాబితా రాసి ఒప్పందానికి జతచేయండి. అత్తగారి లాకరులో ఉన్నవి ఎప్పటిలోగా అప్పజెప్పాలో తేదీ వేయండి.

పిల్లల ఖర్చు పిల్లల హక్కు. తల్లి గానీ తండ్రి గానీ "నాకొద్దు" అని రాసిచ్చినా చెల్లదు. న్యూజెర్సీలో మామూలుగా 19 ఏళ్ల దాకా, చదువుకుంటుంటే 23 దాకా సాగొచ్చు. 16 ఏళ్లలోపు పిల్లల అమెరికా పాస్‌పోర్టుకు తల్లిదండ్రులిద్దరి ఒప్పుదల కావాలి. పిల్లల పాస్‌పోర్టులు ఎవరి దగ్గరుండాలి, సెలవులకు ఇండియా తీసుకెళ్తే ఎప్పటికి తిరిగి తీసుకురావాలి అన్నది రాయకుండా వదలొద్దు. పిల్లల అపహరణపై ఉన్న హేగ్ ఒప్పందంలో ఇండియా చేరలేదు. అక్కడే ఉండిపోతే తిరిగి రప్పించడం చాలా కష్టం.

60 రోజులు, 90 రోజులు

కాంట్రాక్టు ఉద్యోగులు అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది ఇది. హెచ్-1బి ఉద్యోగం పోతే 60 రోజుల దాకా గడువు ఉంటుంది, ఐ-94 అంతకన్నా ముందే ముగిస్తే అంతవరకే. ఆలోగా కొత్త ఎంప్లాయర్ దొరకాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, లేదా దేశం వదలాలి. మరోవైపు న్యూజెర్సీ 2014లో భరణం చట్టాన్ని మార్చింది. జీతం మీద బతికేవాళ్లు ఉద్యోగం పోయిందని భరణం తగ్గించమని అడగాలంటే కనీసం 90 రోజులు నిరుద్యోగంలో ఉండాలి.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టండి. భరణం తగ్గించమని అడిగే రోజు వచ్చేసరికి వీసా గడువు దాటి నెల అయిపోయి ఉంటుంది. కోర్టు తర్వాత ఉద్యోగం పోయిన నాటినుంచి లెక్క సరిచేయగలదు, కానీ ఆలోగా మనిషి మియాపూర్‌లో ఉంటాడు, బకాయి ఇక్కడ పెరుగుతూ ఉంటుంది. అవతల భరణం మీద ఆధారపడిన భార్యకు డబ్బు ఒక్కసారిగా ఆగిపోతుంది. ఈ చట్టం రాసినవాళ్లు మన వీసా గడువులు చూసి రాయలేదు. ఆ ఖాళీని మీ ఒప్పందమే పూడ్చాలి.

అందుకని ఈ విషయాలు రాయండి: ప్రాజెక్టు అయిపోయి బెంచ్ మీదకొస్తే ఎంత ఇవ్వాలి, ఉద్యోగం పోతే ఎన్ని రోజుల్లో అవతలివాళ్లకు తెలపాలి, ఆ నెలల్లో దాచిన డబ్బులోంచి ఎంత, ఇండియా వెళ్లిపోవాల్సి వస్తే అక్కడి జీతాన్ని బట్టి లెక్క ఎలా మారాలి. పిల్లల ఖర్చుకి నియమం వేరు. కోర్టు ఆదేశించిన పిల్లల ఖర్చుని వెనకటి తేదీ నుంచి తగ్గించరు, దరఖాస్తు వేసిన దగ్గర్నుంచే లెక్క. ఉద్యోగం పోగానే ఆలస్యం చేయకుండా కోర్టుకు దరఖాస్తు పెట్టుకోవాలి. భరణం ఎన్నాళ్లన్నది కూడా 2014 చట్టంలో ఉంది: కాపురం 20 ఏళ్లలోపైతే, ప్రత్యేక పరిస్థితులుంటే తప్ప, కాపురం సాగినన్ని ఏళ్లకు మించదు.

హెచ్-4 వాళ్లకు డిక్రీ తేదీయే ముఖ్యం

విడిగా ఉంటున్నంత మాత్రాన హెచ్-4 పోదు. విడాకుల డిక్రీ వచ్చిన రోజుతో పోతుంది. హెచ్-4 ఈఏడీ కూడా దానితోనే పోతుంది. ఉద్యోగం పోయినవాళ్లకు ఉన్న 60 రోజుల గడువు విడాకులైనవాళ్లకు లేదు. గ్రీన్‌కార్డు కోసం ఐ-485 పెండింగ్‌లో ఉంటే, అది మంజూరయ్యేలోపు విడాకులైతే భార్యగా లేదా భర్తగా ఆ దరఖాస్తులో ఉన్న హక్కు కూడా పోతుంది.

కాబట్టి ఆధారపడిన వీసా మీద ఉన్నవాళ్లు ఎఫ్-1కో, సొంత హెచ్-1బికో, బి-2కో మారే దరఖాస్తు డిక్రీకి ముందే వేసుకోవాలి. సొంత హెచ్-1బి లాటరీ మార్చిలో, ఉద్యోగం మొదలయ్యేది అక్టోబరులో. ఈ నెలల దూరాన్ని సెపరేషన్ ఒప్పందం మోయగలదు. డబ్బు ఎలా పంచుకోవాలో ఇప్పుడే తేల్చుకుని, తుది డిక్రీ ఎప్పుడు అడగాలన్నది ఇద్దరూ మాట్లాడుకోవచ్చు. ఒక హెచ్చరిక: పెళ్లి నిజంగా ఉన్నంతవరకే ఇది సబబు. ఏ ఫారంలోనూ కలిసే ఉంటున్నామని అబద్ధం రాయొద్దు. వేర్వేరు చిరునామాలుంటే వేర్వేరుగానే రాయండి.

హెల్త్ ఇన్సూరెన్స్ కూడా డిక్రీతోనే మారుతుంది. న్యూజెర్సీలో కేసు వేసేటప్పుడు ఉన్న ఇన్సూరెన్స్‌లన్నీ ప్రమాణపత్రంలో చూపించాలి, కేసు నడుస్తుండగా వాటిని తీసేయకూడదు. విడాకులయ్యాక 20 మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది ఉన్న కంపెనీ ప్లాన్ అయితే కోబ్రా కింద 36 నెలల దాకా సొంత ఖర్చుతో కొనసాగించుకోవచ్చు. దానికి 60 రోజుల్లో ప్లాన్‌కి తెలపాలి.

పన్ను ఫారం మీద సంతకం

డిసెంబరు 31 నాటికి డిక్రీ రాకపోతే ఆ ఏడాదికి ఐఆర్‌ఎస్ దృష్టిలో మీరు పెళ్లైనవాళ్లే. జాయింట్‌గా వేయొచ్చు, విడిగా వేయొచ్చు. జాయింట్‌గా వేస్తే పన్ను తగ్గొచ్చు, కానీ అవతలివాళ్లు దాచిన ఆదాయానికి కూడా మీరు బాధ్యులవుతారు. ఇండియా ఖాతాలు చూపించారా లేదా తెలియకుండా సంతకం పెట్టొద్దు. ఏడాదిలో ఏ రోజైనా విదేశీ ఖాతాలన్నీ కలిపి 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ వేయాలి. జాయింట్ రీఫండ్ ఎవరి ఖాతాలో పడాలి, ఎలా పంచుకోవాలి అన్నది రాయండి. పిల్లలతో ఉంటూ ఏడాదిలో చివరి ఆరు నెలలూ విడిగా ఉండి, ఇంటి ఖర్చులో సగానికి పైగా భరించినవాళ్లకు హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ అవకాశం ఉండొచ్చు.

2018 తర్వాత చేసుకున్న ఒప్పందాల్లో భరణం మీద ఫెడరల్ పన్నులో ఇచ్చినవారికి తగ్గింపు లేదు, తీసుకున్నవారికి పన్ను లేదు. న్యూజెర్సీ రాష్ట్ర పన్నులో మాత్రం ఇచ్చినవారికి తగ్గింపు ఉంది, తీసుకున్నవారికి పన్ను ఉంది. అంకె ఖాయం చేసుకునే ముందు ఈ తేడా లెక్కేసుకోండి. పెళ్లై పదేళ్లు కావస్తుంటే ఇంకో సంగతి: మాజీ భార్య లేదా భర్త సోషల్ సెక్యూరిటీ రికార్డు మీద ముందుముందు ప్రయోజనం అడగాలంటే పెళ్లి కనీసం పదేళ్లు నిలిచి ఉండాలి. తొమ్మిదేళ్ల పది నెలలకు డిక్రీ తీసుకుంటే అది పోతుంది.

తిరుపతిలో పెళ్లి, మిస్సోరీలో విడాకులు

ఇక్కడి కాగితం ఇండియాలో చెల్లుతుందా? దీనికి సుప్రీంకోర్టు చెప్పిన జవాబు ఒక తెలుగు కుటుంబం కేసులోనే వచ్చింది. 1975లో తిరుపతిలో పెళ్లి. 1978లో విడిపోయారు. భర్త అమెరికాలో మిస్సోరీ రాష్ట్రం సెయింట్ లూయిస్ కౌంటీ కోర్టు నుంచి 1980లో విడాకుల డిక్రీ తెచ్చుకున్నాడు. 1981లో యాదగిరిగుట్టలో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య రెండో పెళ్లి నేరమని ఫిర్యాదు చేసింది. ఆమె మిస్సోరీ కోర్టు అధికారాన్ని ఒప్పుకోలేదు. వై. నరసింహారావు వర్సెస్ వై. వెంకటలక్ష్మి అనే ఈ కేసులో 1991 జూలై 9న సుప్రీంకోర్టు ఆ అమెరికా డిక్రీ ఇండియాలో చెల్లదని చెప్పింది.

నియమం ఇదీ: ఏ చట్టం కింద పెళ్లి జరిగిందో ఆ చట్టం ఒప్పుకునే కోర్టు, ఆ చట్టంలో ఉన్న కారణంతోనే విడాకులివ్వాలి. కోర్టు కొన్ని మినహాయింపులూ చెప్పింది. ముఖ్యమైనది, అవతలి వ్యక్తి తనంతట తాను ఆ కోర్టుకు లోబడి విడాకులకు ఒప్పుకోవడం. న్యూజెర్సీలో అందరూ వాడే 'సర్దుకోలేని విభేదాలు' అనే కారణం హిందూ వివాహ చట్టంలో లేదు. కాబట్టి ఒకరు ఇండియాలో ఉండగా ఒకరు ఇక్కడ ఏకపక్షంగా తెచ్చుకున్న డిక్రీ అక్కడ చిక్కులు తెస్తుంది. ఇద్దరూ ఇక్కడే ఉంటున్నాం, ఈ కోర్టు అధికారాన్ని ఒప్పుకుంటున్నాం, విడాకులకు ఇష్టపూర్వకంగా అంగీకరిస్తున్నాం అని ఇద్దరూ సంతకం పెట్టిన ఒప్పందం ఉంటే రేపు అదే పెద్ద సాక్ష్యం.

ఇండియాలోనే పరస్పర అంగీకార విడాకులు కావాలనుకుంటే హిందూ వివాహ చట్టం 13బి కింద ఏడాది విడిగా ఉండి ఉండాలి. ఆ తర్వాత ఆరు నెలల గడువుంటుంది, దాన్ని తగిన కేసుల్లో కోర్టు మాఫీ చేయవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. విడిపోయిన తేదీ రాసున్న ఒప్పందం అక్కడా పనికొస్తుంది.

ఆస్తి మాత్రం వేరే సంగతి. న్యూజెర్సీ జడ్జి మణికొండ ఫ్లాటుని నేరుగా ఒకరి పేరు మీదకి మార్చలేరు. మార్చమని మనిషిని ఆదేశించగలరు. అమెరికా డిక్రీని ఇండియా కోర్టులో నేరుగా అమలు చేయించుకునే వెసులుబాటు కూడా లేదు, దాని ఆధారంగా అక్కడ దావా వేయాలి. అందుకే ఇండియా ఆస్తుల విషయంలో మాట తీసుకుని ఆగిపోవద్దు. ఎవరి పేరు మీదకి, ఏ తేదీలోగా రిజిస్ట్రేషన్, స్టాంపు ఖర్చు ఎవరిది, జీపీఏ ఎవరికి అన్నది రాసి, వీలైతే డిక్రీకి ముందే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పని పూర్తి చేయించుకోండి.

భయంతో పెట్టే సంతకం

ఇంతసేపూ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోగలరన్న నమ్మకంతో రాశాను. అన్ని ఇళ్లూ అలా ఉండవు. జీతం కార్డు లాక్కోవడం, పాస్‌పోర్టు దాచేయడం, "వీసా క్యాన్సిల్ చేయిస్తా" అని బెదిరించడం ఉన్నచోట ఒప్పందం కన్నా ముందు రక్షణ కావాలి. ఒక మనిషిని ఒంటరిని చేసి, డబ్బు మీద నిఘా పెట్టి, ఇమ్మిగ్రేషన్ పేరుతో బెదిరించి గుప్పిట్లో పెట్టుకోవడాన్ని రక్షణ ఉత్తర్వు ఇచ్చేటప్పుడు కోర్టు పరిగణించాలని 2024 జనవరిలో న్యూజెర్సీ చట్టం చేసింది. ఆ ఉత్తర్వుకు ఫీజు లేదు. కోర్టు మూసున్న వేళల్లో పోలీస్ స్టేషన్‌లో కూడా అడగొచ్చు. ఇంటి ఖర్చు, పిల్లల ఖర్చు కూడా అందులోనే అడగొచ్చు.

హింసకు గురైన హెచ్-4 భార్య లేదా భర్త ఐ-765వి ఫారంతో సొంతంగా పని అనుమతి అడగొచ్చు. డిక్రీ వచ్చేసిందా లేదా అన్నదాన్ని బట్టి ఇందులో గడువులుంటాయి కాబట్టి ముందే లాయర్‌ని కలవాలి. 1985 నుంచి న్యూజెర్సీలో దక్షిణాసియా మహిళల కోసం పనిచేస్తున్న 'మానవి' ఉంది. జెర్సీ సిటీలో 'విమెన్ రైజింగ్' ఉంది. దేశవ్యాప్త హెల్ప్‌లైన్ 1-800-799-7233. ప్రాణాపాయమైతే 911. అలాంటి ఇంట్లో పెద్దమనుషుల ముందు కూర్చోబెట్టి అప్పటికప్పుడు సంతకం చేయించడం రాజీ కాదు. బెదిరించి తీసుకున్న సంతకాన్ని కోర్టులో సవాలు చేయొచ్చు, కానీ సవాలు చేయడానికి ఏళ్లూ డబ్బూ పోతాయి.

ఎవర్ని అడగాలి, ఏది ముందు

హడ్సన్ కౌంటీ ఫ్యామిలీ కోర్టు జెర్సీ సిటీలోనే ఉంది, ఇండియా స్క్వేర్ నుంచి దూరం కాదు. విడాకుల ఫిర్యాదుకి ఫీజు 300 డాలర్లు, పిల్లలుంటే ఇంకో 25. ఆదాయం తక్కువైతే మాఫీ అడగొచ్చు. లాయర్‌ని పెట్టుకోలేనివాళ్లు లీగల్ సర్వీసెస్ ఆఫ్ న్యూజెర్సీకి 1-888-576-5529 నంబరుకు ఫోన్ చేసి అర్హత అడగండి. భర్త వదిలేసి వెళ్లిన మహిళలు న్యూయార్క్‌లోని భారత కాన్సులేట్‌లో కమ్యూనిటీ సంక్షేమ నిధి సాయం గురించి అడగొచ్చు. టాక్స్ ఫారాలు నింపేవాళ్లతో, "పేపర్లు మేం చేసిపెడతాం" అనే ఏజెంట్లతో ఒప్పందం రాయించొద్దు. ఫ్యామిలీ లాయర్‌కీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌కీ ఇద్దరికీ చూపించండి. ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియకపోవచ్చు.

పనుల వరస ఇలా పెట్టుకోండి. ఈ వారంలో పాస్‌పోర్టు, ఐ-94, ఐ-797, పే స్లిప్పులు, డబ్ల్యూ-2లు, బ్యాంకు స్టేట్‌మెంట్ల కాపీలు మీ దగ్గర పెట్టుకోండి. ఈ నెలలో సొంత ఖాతా తెరిచి, జాయింట్ కార్డుల సంగతి తేల్చండి. తర్వాత తేదీ వేసి ఒప్పందం. ఆ తర్వాత స్టేటస్ మార్పు దరఖాస్తు, ఇండియా రిజిస్ట్రేషన్లు. డిక్రీ అన్నిటికన్నా చివర. మనలో చాలామంది తొందరలో దీన్ని తిరగేసి చేస్తారు, ముందు డిక్రీ తెచ్చుకుని తర్వాత మిగతావి చూద్దామనుకుంటారు. అప్పటికి వీసా ఉండదు, ఇన్సూరెన్స్ ఉండదు, ఫ్లాటు మాత్రం పాత పేర్ల మీదే ఉంటుంది.